తారురోడ్డు దిగిన రోజు

మా బీరంగూడ వీధిలో ఆదివారం సాయంత్రం అయ్యేసరికి అందరి బండ్లూ కడిగించుకుని మెరుస్తూ ఇళ్ళ ముందు నిలబడి ఉంటాయి. ఎదురింటి ఆంటీ బండి ఒక్కటే ఆ వేళకు ఒళ్ళంతా మట్టి పూసుకుని వచ్చేది. ముందు అద్దం మీద వైపర్లు తిరిగినంత మేర తప్ప మిగతాదంతా ఎర్రగానో నల్లగానో ఉండేది. ఆవిడ దిగి, మోకాళ్ళ దాకా మట్టి అంటిన ప్యాంటు దులుపుకుంటూ గేటు తీసుకుని లోపలికి వెళ్ళేవారు. నేను బాల్కనీలో ఆరిన బట్టలు తీస్తూ చూసేదాన్ని. అరవై దాటిన మనిషి అంత హాయిగా అలసిపోయి ఇంటికి రావడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

ఆంటీది రాజమండ్రి వైపు. ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఇంజనీరుగా చేరి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరయ్యారు. ఆ తర్వాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనుక్కుని, రోడ్లు లేని చోట నడపడం నేర్చుకున్నారు. గుట్టలు, వాగులు, బండరాళ్ళ దారులు. సెలవొస్తే అటే పోయేవారు.

నేను పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. మా దగ్గర నేల మీద మట్టి కనిపించిందంటే నేరం జరిగినట్టే. లోపలికి వెళ్ళాలంటే చెప్పులు మార్చాలి, కోటు మార్చాలి, తలకు టోపీ పెట్టాలి, చేతులు మళ్ళీ మళ్ళీ కడగాలి. కిటికీలు తెరుచుకోవు. ఇన్నేళ్ళు అలా పనిచేసినందుకో ఏమో, ఆంటీ బండికి ఉన్న ఆ మట్టి నన్ను పిలిచేది. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆయన నవ్వుతారని చెప్పలేదు.

మా ఆయన బడిలో లెక్కలు చెబుతారు. స్కూటరు తప్ప ఇంకేదీ నడపరు. నాలుగు చక్రాలున్న దేంట్లో కూర్చున్నా కాసేపటికే ఆయనకు కడుపులో తిప్పుతుంది. అందుకే మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, పొలానికి వాడుకున్న పాత జీపును "మీరు వాడుకోండ్రి" అని మా ఇంటి ముందు వదిలిపెట్టి వెళ్ళినప్పుడు అది సహజంగా నా చేతికే వచ్చింది. కారు నడపడం నేను నలభై దాటాక నేర్చుకున్నాను. జీపుకు రెండు గేరు కర్రలు ఉన్నాయి. రెండోది ఎందుకో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఎదురిల్లే దారి.

గేటు దగ్గర ఆంటీని పట్టుకుని అడిగాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూశారు.

"నడపడం వచ్చా?"

"వచ్చు ఆంటీ. పటాన్‌చెరు దాకా పోయొస్త."

"అది నడపడం కాదమ్మా, లారీల వెనకాల నిలబడడం," అన్నారు. వెంటనే నవ్వి, "ఆ రెండో కర్ర బండికి బలమిచ్చేది. అది వాడే చోటికి తీసుకెళ్తాను. కానీ నేను చెప్పినప్పుడు ఆగాలి. అది ఒప్పుకుంటేనే," అన్నారు.

ఒప్పుకున్నాను.

మొదట ఆవిడ నన్ను గుట్టకూ వాగుకూ తీసుకుపోలేదు. లక్డారం దగ్గర తెలిసినవాళ్ళ కంకర యార్డు ఒకటి ఖాళీగా ఉంటే, వాళ్ళను అడిగి అక్కడికి తీసుకెళ్ళారు. పక్కన క్రషర్ల దుమ్ము తెల్లగా లేస్తూ ఉండేది. అక్కడ సగం పూట నన్ను కూర్చోబెట్టి, కూర్చోవడమే నేర్పించారు. సీటు ముందుకు జరుపుకోవాలి, బెల్టు ఒంటికి బిగుతుగా ఉండాలి, మోచేయి కిటికీ బయటికి వెళ్ళకూడదు. స్టీరింగును నేను గుప్పిట బిగించి పట్టుకుంటే ఆంటీ నా బొటనవేళ్ళను విప్పి చక్రం పైకి తెచ్చిపెట్టారు.

"ముందు టైరు రాయికి తగిలితే స్టీరింగు ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. వేలు లోపల ఉంటే విరుగుతుంది. నా వేలికి అయింది కాబట్టి చెబుతున్నా."

తర్వాత రాళ్ళ మీద నడిపించారు. నేను అలవాటుగా వేగం పెంచితే, "దేనికమ్మా తొందర? ఇక్కడ వెనకాల ఎవరూ హారన్ కొట్టరు," అన్నారు. ఆ మాట విన్నాక నా భుజాలు కిందికి దిగాయి. నిజంగానే ఎవరూ కొట్టరు. రోడ్డు మీద నేను నడిపినంత కాలం వెనకవాళ్ళ కోసమే నడిపానని ఆ కంకర యార్డులో తెలిసింది. దిగేచోట బ్రేకు మీద నిలబడకుండా, బలం గేరులో మొదటి గేరు వేసి, క్లచ్ మీంచి కాలు తీసేసి, ఇంజనుకే బండిని అప్పగించి దిగడం నేర్చుకున్నాను. కాలు తీయడమే అన్నిటికన్నా కష్టమైంది. భయం వేసినప్పుడు కాలు దానంతటదే క్లచ్ మీదికి పోతుంది.

వానాకాలం చివర్లో ఒక రెండో శనివారం, సంగారెడ్డి అవతల సింగూరు నీళ్ళు కనిపించే ఒక గుట్ట మీదికి వెళ్దామన్నారు ఆంటీ. రెండు బండ్లు. ఒక్క బండితో రోడ్డు దిగడం ఆవిడ ఎప్పుడూ చేయరు.

ముందు రోజు సాయంత్రం మా ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, "నేనూ వస్త," అన్నారు.

"మీకు కడుపుల తిప్పుతది కదా."

"ఇంట్ల కూసుంటే అంతకంటె పరేషాన్ అయితది. జెర వాంతి మాత్ర ఏసుకుంట."

తెల్లారి ఆంటీ మా జీపు చుట్టూ తిరిగి చూశారు. స్పేరు టైరు నొక్కి చూశారు, జాకీ తీయించి చూశారు, మెత్తటి నేలలో జాకీ కూరుకుపోకుండా కింద వేసుకోవడానికి ఒక దళసరి చెక్క పెట్టించారు. మా ఆయన వెనక సీటు మీద నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు పెడితే దాన్ని తీసి తాడుతో కట్టేశారు.

"ఇది ఊరికే పెడితే గుంటలో ఎగిరి వచ్చి మీ తలకే తగులుతుంది మాస్టారూ."

నీళ్ళ డబ్బాలు, మందుల పెట్టె, పార, పాత దుప్పటి, అన్నీ కదలకుండా సర్దాక, ఇస్నాపూర్‌లో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేయమన్నారు. ఏ దారిన వెళ్తున్నామో, ఏ గుట్టకో, ఏ వేళకు తిరిగి రోడ్డెక్కుతామో చెప్పాను. పొద్దు గూకేలోపు నా ఫోన్ రాకపోతే బావగారికి చెప్పమన్నాను. మా చెల్లెలు, "నువ్వు గుట్టకు పోతున్నవా, యుద్ధానికా?" అంది.

బయల్దేరే ముందు మా ఆయన ప్రార్థన చేశారు. ఇంజను కోసం, టైర్ల కోసం, వాగుల కోసం, నా చేతుల కోసం, వరసగా. చాలా సేపు పట్టింది. ఆంటీ చేతులు జోడించుకుని ఓపిగ్గా నిలబడి, అయిపోగానే అందరికన్నా గట్టిగా "ఆమెన్" అని బండెక్కారు.

హైవే మీద లారీల మధ్య నుంచి ఇస్నాపూర్ దాటి, సంగారెడ్డి దాటి, ఊళ్ళ దారి పట్టి వెళ్ళాం. ఒక చోట తారు అయిపోయింది. అక్కడ ఆగి ఆంటీ టైర్లలో గాలి తగ్గించడం మొదలుపెట్టారు. గాలి బుస్సుమని పోతుంటే మా ఆయన కంగారు పడ్డారు.

"మంచిగున్న టైర్ల గాలి తీసుడేంది ఆంటీ?"

"గాలి తగ్గితే టైరు అడుగు వెడల్పవుతుంది. నేలను పట్టుకుంటుంది. మళ్ళీ తారురోడ్డెక్కగానే నింపేసుకోవాలి, లేకపోతే వేగంలో టైరు ఊడుతుంది. ఇంకో మాట. నేను ఒక గుంట దాటి అవతల ఆగేదాకా మీరు దాంట్లోకి దిగొద్దు. నేను ఇరుక్కుంటే మీరూ వచ్చి నా వెనకాలే ఇరుక్కోకూడదు."

నేను తలూపాను. రెండో కర్రను బలం గేరులోకి లాగాను. జీపు ఒక్క కుదుపు ఇచ్చి, ఎద్దు మెడ వంచినట్టు ముందుకు కదిలింది.

మొదటి ఎక్కుడు దగ్గరే నేను తడబడ్డాను. ఎర్రమట్టి, మధ్య మధ్య గుండ్రటి రాళ్ళు, పైకి చూస్తే ఆకాశం తప్ప ఏమీ కనిపించని దారి. ఆంటీ ఎక్కి, బండిని పైన పక్కకు ఆపి, నడిచి కిందికి వచ్చి నాకు చేత్తో దారి చూపించారు. నేను సగం ఎక్కాను. అక్కడ భయపడి యాక్సిలరేటరు వదిలేశాను. ఇంజను ఆగిపోయింది. జీపు ముక్కు పైకెత్తి నిలబడింది. వెనక అద్దంలో లోయ తప్ప ఏమీ లేదు.

"పక్కకు తిప్పు, పక్కకు తిప్పు!" అని మా ఆయన అరిచారు.

నా చేతులు తిప్పడానికి సిద్ధమయ్యాయి కూడా. అప్పుడు బయటి నుంచి ఆంటీ గొంతు వినిపించింది. అరవలేదు. వంటింట్లోంచి మాట్లాడినట్టు మాట్లాడారు.

"తిప్పకు. పక్కకు తిరిగితే బండి దొర్లుతుంది. బ్రేకు మీద కాలు గట్టిగా ఉంచు. ఉంచావా? క్లచ్ తొక్కి రివర్స్ గేరు వెయ్. ఇప్పుడు ఇంజను స్టార్ట్ చెయ్. క్లచ్ మెల్లగా పూర్తిగా వదిలేసి, ఆ తర్వాత బ్రేకు వదులు. అంతే. తిన్నగా కిందికి రా. అద్దాల్లో చూడు, నన్ను చూడొద్దు."

జీపు గొణుక్కుంటూ తిన్నగా వెనక్కి దిగింది. కింద చదునైన చోటికి చేరాక ఇంజను ఆపేశాను. మా ఆయన నీళ్ళ సీసా మూత తీసి నా చేతికిచ్చారు.

ఆంటీ కిటికీ దగ్గరికి వచ్చారు. "బాగా దిగావు. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. ఇలా దిగడం రానివాళ్ళే ఆసుపత్రికి పోతారు." తర్వాత మా ఆయనవైపు తిరిగి, "మాస్టారూ, దారి చూపించేది ఒక్కరే ఉండాలి. ఇద్దరు చెబితే నడిపే మనిషి ఎవరి మాటా వినదు," అన్నారు.

"ఇగ నోరు తెరవ," అన్నారాయన, బుద్ధిగా.

రెండోసారి ఎక్కేటప్పుడు కాలు ఒకే బరువుతో ఉంచాను. రాయి తగిలి స్టీరింగు అరచేతుల్లో గిర్రున జారింది, వేళ్ళు క్షేమంగా బయటే ఉన్నాయి. ఆకాశం కిందికి వంగి, దాని కింద నేల కనిపించింది, దాని మీద ఆంటీ బండి కనిపించింది. పైకి చేరాం. నేను హారన్ కొట్టాను. అక్కడ కొట్టాల్సిన అవసరం ఏమీ లేదు, ఊరికే కొట్టాను.

ఆ తర్వాత వాగు. పెద్దది కాదు, కానీ నీళ్ళు గోధుమరంగులో ఉన్నాయి, అడుగు కనిపించదు. అడుగు కనిపించని నీళ్ళలోకి బండి దింపకూడదని ఆంటీ ముందుగా మనుషులను దింపారు. ప్యాంట్లు మడిచి, చేత కర్రలతో, ఆవిడా మా ఆయనా గుంటలున్నాయేమో పొడిచి చూసుకుంటూ అవతలి గట్టు దాకా నడిచి వెళ్ళి వచ్చారు. నీళ్ళు మోకాలు దాటలేదు. అడుగున ఇసుకా గులకరాళ్ళూ గట్టిగా ఉన్నాయి. అవతలి నీటి అంచున మా ఆయన చేత ఒక తెల్లరాయి పెట్టించారు ఆంటీ. తిరిగి వచ్చేసరికి వాగు పెరిగిందో తగ్గిందో అదే చెబుతుందట.

నీళ్ళలో గేరు మార్చకూడదు, ఆగకూడదు, వేగంగా పోకూడదు. నడిచే మనిషి వేగంతో వెళ్ళాను. బానెట్టు ముందు చిన్న అల లేచి, మాతోపాటే నడిచి, అవతలి గట్టున విరిగిపోయింది. గట్టెక్కాక, బ్రేకులు ఆరడానికి రెండు మూడుసార్లు తొక్కమన్నారు.

గుట్ట మీదికి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కింద సింగూరు నీళ్ళు, వాటి అంచున పచ్చటి చెరుకు, దూరంగా ఏదో ఊరి చర్చి గోపురం తెల్లగా. బండ మీద దుప్పటి పరిచి కూర్చున్నాం. తాడుతో కట్టి తెచ్చిన క్యారియరులో జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, గోంగూర తొక్కు. ఆంటీ తన డబ్బాలోంచి పులిహోర తీశారు. మా ఆయన కడుపులో ఏమీ తిప్పలేదు. నాలుగు రొట్టెలు తిన్నారు. తింటూ, ఆ ఎక్కుడు వాలు ఎన్ని డిగ్రీలుంటుందో ఆంటీతో వాదించారు. ఇద్దరూ చేతులు అడ్డం పెట్టుకుని కొలిచారు. నా చేతులకు, జుట్టుకు, చెవుల వెనక అంతటా మట్టే. కడుక్కోవాలనిపించలేదు.

అప్పుడు పడమటి వైపు ఆకాశం నల్లబడింది. ఆంటీ పులిహోర డబ్బా మూత పెట్టేశారు.

"లేవండి. వాన మన మీద పడక్కర్లేదు, వాగు పైన పడితే చాలు."

మేం దిగుతుండగానే చినుకులు మొదలయ్యాయి. ఒక జల్లు గట్టిగా కొట్టి వెలిసింది. వాగు దగ్గరికి వచ్చేసరికి తెల్లరాయి లేదు. అది ఉన్న చోటు నీళ్ళ లోపలికి పోయింది. పొద్దున మోకాలు దాటని వాగు ఇప్పుడు కొమ్మలను తోసుకుపోతోంది. మా ఆయన, "కొంచెమే పెరిగింది కదా," అన్నారు ఆశగా. ఆంటీ అటు చూడను కూడా చూడలేదు. బండిని వెనక్కి తిప్పారు.

గట్టు మీద ఒకామె మేకలు కాస్తూ, తల మీద గోనెసంచి కప్పుకుని నిలబడి ఉంది. నేను దిగి వేరే దారి ఉందా అని అడిగాను.

"గీ వాగు పొద్దుగూకేదాంక తగ్గదమ్మా. గట్ల చేన్ల పక్కకెంచి బండ్ల బాట ఉన్నది. మొరం గట్టు పట్టుకోని పోతె సడక్ దొరుకుతది. కింది బాట పోకుండ్రి, రేగడి."

ఆ మాట నేను ఆంటీకి చెప్పాను. కానీ బాట చీలిన చోట వాన నీళ్ళు నిలిచి, ఏది పైదో ఏది కిందిదో తెలియలేదు. దిగి నడిచి చూడాల్సింది. ఆంటీ ఆ ఒక్కసారి దిగలేదు. కొంచెం దూరం వెళ్ళారో లేదో బండి కుడివైపు జారింది. ఆవిడ ఇంజను పెంచారు. చక్రాలు గిరగిరా తిరిగి, నల్లమట్టి ముద్దలు ముద్దలుగా వెనక్కి ఎగిరి, బండి పొట్ట దాకా దిగబడి ఆగిపోయింది.

నేను ఆవిడకు కొద్దిగా వెనక, చీలిక దగ్గర గట్టి మొరం నేల మీద ఉన్నాను. ఆవిడ ఆ గుంట దాటి అవతల ఆగేదాకా నేను దిగకూడదు కాబట్టి ఆగి ఉన్నాను. కాళ్ళు మాత్రం పరిగెత్తి వెళ్ళమంటున్నాయి. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, గేరులో ఉంచి, అప్పుడు దిగాను.

ఆంటీ దిగి బురదలో నిలబడి ఉన్నారు. ఆవిడ ముఖం నేను అంతవరకు అలా చూడలేదు. పొద్దున వంటింట్లోంచి మాట్లాడినట్టు మాట్లాడిన గొంతు ఇప్పుడు తడబడుతోంది.

"నేను దిగి చూడలేదు. దిగి చూడాల్సింది. అమ్మాయ్, నువ్వు పక్కనుంచి ముందుకొచ్చి లాగు. తొందరగా, మళ్ళీ వానొస్తే..."

ఆవిడ పక్కనున్న నేల చూశాను. అదీ నల్లదే, మెరుస్తోంది. నా కాలు పెడితే చీలమండ దాకా దిగింది.

"వద్దాంటీ," అన్నాను. "నేను ముందలికి వస్తె ఇద్దరం దిగుతం. నా కింద మొరం గట్టిగ ఉన్నది. అక్కడికెంచే మిమ్మల్ని ఎనకకు గుంజుత."

ఆవిడ నా వైపు, తర్వాత నా జీపు వైపు చూశారు. "సరే," అన్నారు నెమ్మదిగా. "చెప్పు, ఏం చేద్దాం?"

ఇంకొకరు చెప్పిన ప్రకారం పనిచేయడం నాకు ల్యాబులో అలవాటే. ఏం చేద్దామని నన్నడగడం కొత్త. అయినా ఆంటీ కంకర యార్డులో నేర్పిన మాటలే నోట్లోంచి వచ్చాయి.

ముందు పార తీశాను. చక్రాల వెనక, బండి పొట్ట కింద మట్టి తవ్వాం. ఇంజను మోత విని మేకలతో అటే వచ్చిన ఆమె గట్టు మీద నుంచి రాళ్ళు ఏరి తెచ్చి ఇస్తుంటే వాటిని చక్రాల వెనక పరిచాం. మా ఆయన ఆంటీ బండిలోంచి, ఇరుక్కున్న బండ్లను లాగే పట్టా తెచ్చి దాని వెనక బంపరుకు చుట్టబోయారు. నేను ఆపాను.

"దానికి కాదు! బంపరు ఊడి వచ్చి మనిషికి తగులుతది. కింద ఇనుప కొక్కెం ఉంటది చూడుండ్రి, చాసిస్‌కు ఉన్నది, దానికి."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బురదలో చెయ్యి పెట్టి కొక్కెం వెతికి తగిలించారు. రెండో కొస నా జీపు ముందు కొక్కేనికి నేనే తగిలించి, ఊగించి చూశాను. పట్టా నడుమ పాత దుప్పటి తడిపి బరువుగా వేశాను. పట్టా తెగితే అది పైకి ఎగరకుండా దుప్పటి కిందికి పడేస్తుంది. ఆ తర్వాత అందరినీ పంపించేశాను.

"పట్టా ఎంత పొడుగున్నదో అంతకంటె దూరం పోయి నిలబడుండ్రి. పక్కకు. దాని తొవ్వల ఎవ్వరూ ఉండద్దు. అమ్మా, మేకలను కూడ తోలుకపో."

ఆమె మేకలను అదిలించుకుంటూ దూరంగా జరిగి నిలబడింది. మా ఆయన ఆమె పక్కన నిలబడ్డారు. నోరు తెరవనన్న మాట నిలబెట్టుకోవడానికి రెండు పెదవులూ లోపలికి మడుచుకున్నారు. ఆంటీ తన స్టీరింగు ముందు కూర్చుని కిటికీలోంచి చెయ్యి ఎత్తారు.

బలం గేరులో రివర్స్. పట్టాను కుదుపు లేకుండా మెల్లగా బిగించాను. జీపు ముక్కు కిందికి వంగింది. ఆంటీ బండి కదల్లేదు. నా చక్రాలు మొరంలో గీరుకున్నాయి. వెంటనే ఆపేశాను. ఇంకా తొక్కుతూ కూర్చుంటే నా కింద కూడా గుంట పడుతుంది.

మళ్ళీ దిగాం. మళ్ళీ తవ్వాం. ఆంటీ తన టైర్లలో ఇంకొంచెం గాలి తీశారు. నేను నా వెనక చక్రాల కింది మట్టి చదును చేశాను. ఈ మధ్యలో ఎండ వచ్చింది, వాన కడిగిన ఎండ, పొలమంతా ఆవిరి లేచింది.

రెండోసారి బిగించాను. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక శబ్దం వచ్చింది. తడి నేల నోరు తెరిచినట్టు, పెద్దగా, "చ్లప్" మని. ఆంటీ బండి వెనక భాగం పైకి లేచింది. రాళ్ళ మీదికి ఎక్కింది. నేను కాలు కదపలేదు, తగ్గించలేదు, పెంచలేదు. జీపు అడుగు అడుగు వెనక్కి నడిచింది, ఆ పెద్ద బండి దాని వెంటే వచ్చింది. నాలుగు చక్రాలూ మొరం మీదికి చేరాక ఆంటీ హారన్ మోగించారు. ఆపకుండా మోగిస్తూనే ఉన్నారు.

గట్టు మీద మేకలామె చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "అబ్బో! ఆడిపిల్ల గుంజింది గదా!" అంది. నాకు నలభై ఆరేళ్ళు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

మా ఆయన బురదలో పరిగెత్తుకుంటూ వచ్చి, కిటికీలోంచి నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నలుగురి ముందు ఆ పని చేయడం అదే మొదలు. వెంటనే ఆయనకే సిగ్గేసి పట్టా చుట్టడంలో పడ్డారు.

ఆంటీ దిగి వచ్చారు. ముఖం మీద నల్లమట్టి ఎండుతోంది. "నేను తొందరపడ్డాను. నువ్వు పడలేదు," అన్నారు. అంతటితో ఆ విషయం వదిలేసి, "ఇక్కడి నుంచి నువ్వు ముందు నడువు. నీ బండి తేలిక, నేల నీకు ముందు తెలుస్తుంది. నేను వెనక వస్తా," అన్నారు.

నేను ముందు. మా ఆయన నాకు ముందు, కర్రతో మొరం గట్టు వెంబడి నడుస్తూ, మెత్తగా ఉన్న చోట కర్ర అడ్డం పెట్టి, గట్టిగా ఉన్న చోట చెయ్యి ఊపుతూ. అప్పుడు ఆ దారిలో చెయ్యి ఊపిన మనిషి ఆయన ఒక్కరే. నేను ఆయన చేతినే చూస్తూ నడిపాను. ఒక గుంట దగ్గర ఆపి దిగి చూసుకుని, చుట్టు తిరిగి వెళ్ళాం. కంది చేను దాటాం, ఎవరిదో పశువుల కొట్టం దాటాం. చివరికి ఒక చిన్న ఎక్కుడు ఎక్కితే, ఎదురుగా తారురోడ్డు. ఒక ఆటో పోతోంది. ఆటోలో వాళ్ళు మా వైపు వింతగా చూశారు.

ఫోన్‌లో సిగ్నల్ గీతలు కనిపించగానే మా చెల్లెలికి చేశాను. పొద్దు ఇంకా బాగా ఉంది.

"అక్కా, రోడ్డెక్కినవా? నేను ఇంకా పొద్దు చూసుకుంట కూసున్న."

"ఎక్కినం. అందరం మంచిగున్నం. నేను ఒక బండిని గుంజిన."

"ఏంది?"

"బండిని గుంజిన. ఇంటికి పోయినంక చెప్త."

రోడ్డు పక్కనే ఆగి, ఆంటీ దగ్గరున్న చిన్న పంపుతో రెండు బండ్ల టైర్లలోనూ గాలి నింపుకున్నాం. మా ఆయన వంగి చక్రాల నట్లు ఒక్కొక్కటీ బిగించి చూశారు. బండ్ల కింద వేలాడుతున్న తీగలూ ఇరుక్కున్న రాళ్ళూ ఉన్నాయేమో ఆంటీ పడుకుని చూశారు. సంగారెడ్డి నుంచి హైవే మీద నేను లారీల మధ్య నడుపుతుంటే, పక్కన పోతున్న ఒక లారీ డ్రైవరు మా జీపుకు పట్టిన మట్టి చూసి తల బయటపెట్టి, "క్యా బాత్ హై, మేడమ్!" అని అరిచాడు. నేను చెయ్యి ఊపాను. లారీల వెనక నిలబడడం కూడా ఆ రోజు హాయిగానే ఉంది.

ఇంటికి చేరేసరికి వీధి దీపాలు ఇంకా వెలగలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి మా ఆయన ముందు గదిలో బావగారితో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. చేతికి నల్లమట్టి ఇంకా అలాగే ఉంది.

"అన్నా, నీ జీపు మామూలుది కాదే. ఇంత పెద్ద బండి, లారీ అంత ఉంటదనుకో, రేగడిల మునిగింది. ఎవ్వరితోని కాలే. నీ మరదలు కూసున్నది, గట్ల ఒక్క గుంజు గుంజింది, అంతే... ఆఁ, ఒక్కతే. నేనా? నేను దూరం నిలబడ్డ. దూరం నిలబడుమని ఆర్డరేసింది. ఏం జేస్త మరి?"

ఆంటీ బండి లారీ అంత ఉండదు. ఒక్క గుంజుతో రాలేదు, రెండోసారికి వచ్చింది. రాళ్ళు మోసిన మనిషి ఉంది, తవ్విన చేతులు మూడు జతలున్నాయి. నేను వంటింట్లో చాయ్ కాస్తూ అదంతా విన్నాను, ఏదీ సరిచేయలేదు. ఆయన అన్న దగ్గర ఫోన్ పెట్టేసి, మా అత్తమ్మకు చేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈసారి వాగు కూడా ఇంకొంచెం పెరిగింది.